ఆయన సెట్టు, నా చెవులు

ఫోను ఆయనదే. గొంతు ఆయనది కాదు. "అమ్మా, ఈ ఫోనులో 'ఇల్లు' అని రాసుంటే చేసినా. ఈ పెద్దాయన మీకేమవుతాడు?" అని అవతల ఎవరో అడిగారు. కొత్తచెరువు బస్టాండులో ధర్మవరం బస్సు కోసం కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయారట. పక్కనున్న ఆమె నిద్రపోతున్నారనుకుని పాపం భుజం ఆనిచ్చిందట. బస్సు వచ్చి, జనం ఎక్కి, కండక్టరు కేక వేసినా లేవకపోతే అప్పుడు చూశారట. ఆ మాట విన్నాక నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. కేకకు పలకకపోతే మనిషి పోయినట్టా? ఆయన కేకలకు పలకడం మానేసి చాలాకాలమైంది. "చెవులు సరిగా వినపడవు నాయనా ఆయనకు, భుజం పట్టి కుదుపు" అని ఫోనులో అరిచాను. అవతలి మనిషి మెల్లగా, "అట్ల కాదమ్మా" అన్నాడు.

ధర్మవరం పట్టుమగ్గం మీద ఆయుష్షంతా గడిపిన నాగభూషణం గారు అట్లా ఎవరి భుజం మీదో తల ఆనించి వెళ్లిపోయారు. నేను ఆయన సహధర్మచారిణిని, ఓబుళమ్మను. మా వీధి నేతగాళ్లు వేసే చిన్న పుస్తకానికి ఆయన గురించి నాలుగు మాటలు కావాలన్నారు. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుంటాను, అంతే. నేను చెబుతున్నాను, మా కూతురు పద్మ రాస్తోంది. పద్మ మొదటి వాక్యంలోనే 'శాంతమూర్తి' అని రాసి చదివి వినిపించింది. కొట్టెయ్యమన్నాను. పోయినవాళ్లందరూ శాంతమూర్తులే అయితే ఇక బతికున్నవాళ్లకు ఆయన ఎట్లా గుర్తుంటారు? ఆయన శాంతమూర్తి కాదు. అన్నం తింటూ మధ్యలో లేచిపోయే మనిషి. పెండ్లికి పోతే తాళి కట్టేలోపల పందిరి చుట్టూ నాలుగు ప్రదక్షిణలు చేసే మనిషి. ఒక్క మగ్గం ముందు కూర్చున్నప్పుడే ఆయన కాళ్లు, చేతులు, మనసు ఒకచోట ఉండేవి.

ఆ మగ్గం మీది సంగతి ఒకటి చెబుతాను. ఒక పెండ్లి చీర దాదాపు పూర్తయింది. షావుకారు మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఈయన అంచు మీద వేలు పెట్టి చూసి, బెత్తెడు నేత విప్పడం మొదలుపెట్టారు. పేక పోగు ఒకటి వదులైందట. నాకైతే ఎంత చూసినా ఏమీ కనపడలేదు. "ఎవరికి తెలుస్తాదయ్యా? ఆయప్ప ఆడ నిలబడుకోని ఉండాడు" అంటే, "కట్టుకునే ఆయమ్మకు తెలుస్తాదే. నోటితో చెప్పలేదు, అంతే" అన్నారు. షావుకారు మనిషి ఎండలో నిలబడి తిట్టుకున్నాడు. ఈయన విప్పి, మళ్లీ నేశారు. ఆయన స్వభావమంతా ఇదే. ఈ స్వభావమే తర్వాత రికార్డుల దగ్గర మా ఇంటిని ఊపి వదిలింది.

మాకు పెండ్లయిన కొత్తలో మా గదిలోకి మంచం కంటే ముందు వచ్చింది రికార్డు ప్లేయరు. పెండ్లికి ముందే కూలి డబ్బులు కూడబెట్టి కొనుక్కున్నారట. నాదస్వరం, హరికథలు, నాటకాల పద్యాలు, కొన్ని సినిమా పాటలు. మగ్గం ఆడుతుంటే పక్కన రికార్డు తిరిగేది. నాకు ఆ పిచ్చి లేదు. పొద్దున లేచింది మొదలు రాట్నం మీద కండెలు చుట్టేదాన్ని, రాట్నం మోతే నాకు చాలు. కొన్నాళ్లకు కరెంటు ఎక్కువ తక్కువలకు ప్లేయరు మోటారు కాలిపోయింది. బాగుచేసేవాడు దొరకలేదు. క్యాసెట్లు వచ్చాయి, తర్వాత ఫోను వచ్చింది. రికార్డులు అటకెక్కాయి. చేతిమగ్గానికి పని తగ్గినప్పుడు ఈయన కూడా మరమగ్గాల షెడ్డులో మేస్త్రీగా చేరారు. ఆ షెడ్డులో నిలబడితే పెద్ద డోలు లోపల నిలబడినట్టు ఉంటుంది. సాయంకాలం ఇంటికి వచ్చి మామూలు మాట కూడా గట్టిగా మాట్లాడేవారు. మాకు విసుగొచ్చేది. అది జబ్బుకు మొదలు అని ఎవరికి తెలుసు?

అనంతపురంలో డాక్టరు పరీక్ష చేశారు. మోత వల్ల చెవి లోపలి నరం దెబ్బతింది, సన్నటి ధ్వనులు ముందు పోతాయి, మిగతావి మెల్లగా పోతాయి, పోయినవి తిరిగి రావు అన్నారు. చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చారు. ఈయన ఇంటికి వచ్చి చెప్పులతోనే అటకకు నిచ్చెన వేశారు.

"ఏం దేవులాడతాండావు పైన? దుమ్మంతా అన్నం మీద పడతాండాది."

"వినేటివి యాడ పెడితివే?"

"ఏం వినేటివి?"

"రికార్డులు. చెవులు ఉండంగానే ఒకసారి వినల్ల. ఊరికే కాదు, సక్కంగా వినల్ల."

ఆ 'సక్కంగా' అన్న మాట మా ఇంట్లోకి అడుగుపెట్టిన రోజు నుంచి కుదురు లేదు. రేకుల కప్పు వేడికి కొన్ని రికార్డులు కాల్చిన అప్పడాల్లాగా వంకర తిరిగి ఉన్నాయి. వాటిని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. బాగున్నవాటిని ఏరి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా, బియ్యం డ్రమ్ము పక్కన నిలబెట్టారు. ఇక ప్లేయరు కావాలి. మన ఊర్లో ఇప్పుడు అవి ఎవరు అమ్ముతారు? ఆయన రాత్రీ పగలూ ఫోనులో వీడియోలు చూసి, ఒకడు ఇది మేలంటే ఇంకొకడు అది మేలంటున్నాడని వాళ్లను తిట్టుకుంటూ తిరిగేవారు.

మొదట పద్మే పంపింది. హిందూపురం నుంచి, ఎర్రటి చేతిపెట్టె. మూత తెరిస్తే ప్లేయరు, స్పీకర్లు కూడా దాంట్లోనే. చూడముచ్చటగా ఉంది. ఆయన రికార్డు పెట్టి, గుడిలో నిలబడినట్టు చేతులు కట్టుకుని ఒక వైపు పూర్తిగా విన్నారు. అయ్యాక పోగులు లెక్కపెట్టే భూతద్దం తెచ్చి సూదిని చూశారు.

"ఇట్ల రావే. సూడు."

సూది మొన మీద కాటుక లాంటి పొడి ఉంది. "ఏమిది?" అన్నాను.

"పాట."

"ఏం మాటలయ్యా ఇవి?"

"పాటను గీకి తీసినాదే ఇది. సూదిని మోసే చెయ్యి బరువు సూడు, దుక్కిలో మడక దిగినట్టు దిగుతాండాది. ఇట్లే వింటా పోతే రికార్డులో గీతలుండవు, బోడిగుండు మిగులుతాది."

పద్మ ఫోనులో అలిగింది. "నాయనా, లోకమంతా దీంట్లోనే వింటాండారు. నీకొక్కడికే పనికిరాకుండా పాయనా?" అంది. "లోకానికి కొత్త రికార్డులు దొరుకుతాయి పాపా. నావి పోతే దొరకవు" అన్నారాయన. ఎర్రపెట్టె మూత మళ్లీ తెరవలేదు. ఇప్పుడు ఈ మాటలు రాస్తూ పద్మ పెన్ను ఆపింది. రాయమ్మా, నువ్వు ప్రేమతోనే పంపావు, ఆయన ప్రేమతోనే వద్దన్నారు, రెండూ నిజమే అన్నాను.

రెండోది జరీ అంగడి రామచంద్రశెట్టి సెట్టు. చిన్నప్పటి నుంచి ఈయనకు స్నేహితుడు, ఆ స్నేహమంతా పోట్లాటతోనే నడిచింది. ఈయన రికార్డులు దించిన సంగతి తెలిసి, ఆయనకంటే ముందు తాను తెప్పించి హాల్లో పెట్టి కబురంపాడు. ఇద్దరమూ పోయాము.

"ఏమప్పా భూషణా, సూడు. మీట నొక్కితే సాలు. చెయ్యి అదే పోతాది, అదే వాలుతాది, అయిపోతానే అదే లేసి వస్తాది. మంచం దిగే పనే ల్యా."

"నువ్వు మంచం దిగి ఎన్నాళ్లాయె శెట్టీ?"

"నీ నోట్లో మన్ను పొయ్య. వినేకి వచ్చినావా, ఎగతాళికి వచ్చినావా?"

"వినేకే వచ్చినా. చెయ్యి బరువు తగ్గించే తిరుగుడు యాడుండాది దీనికి?"

"ఆ బాధే లేదంటాంటే! కంపెనీవాడే బిగించి పంపినాడు."

"సూది అరిగిపోతే?"

"అరిగినప్పుడు సూస్తాం లేప్పా. పెండ్లినాడే సావు మాట ఎందుకు?"

శెట్టి భార్య కాఫీ తెచ్చింది. పాట అయ్యేదాకా ఇద్దరూ వాదించుకున్నారు, పాట మాత్రం నేనూ ఆమే విన్నాము. ఇంటికి వస్తూ దారిలో ఆయన, "మగ్గానికంతా రంగేసినాడు, పోగు నేసే నాడె మాత్రం యాడిదో" అన్నారు.

తర్వాత బెంగుళూరు రైలెక్కాము. పాత సామాన్ల సందులో గఫూర్ సాబు అని ఒకాయన అంగడి. పైదాకా రేడియోలు, ప్లేయర్లు, తిరగని గడియారాలు. అంగడి మెట్టు ఎక్కే ముందు మా ఆయన చెవిలో మిషను తీసి జేబులో వేసుకున్నారు. "ఎందుకయ్యా తీస్తాండావు?" అంటే, "చెవిటోడని తెలిస్తే ఏదో ఒకటి అంటగట్టి పంపుతాడే. నేను సూసేది సూస్తా, నువ్వు వినేది విను" అన్నారు. అప్పుడు తెలిసింది నన్ను ఎందుకు వెంట తెచ్చుకున్నారో. పట్టు కొనేటప్పుడు కండ్లు మూసుకుని, రెండు వేళ్ల మధ్య పోగు రుద్ది చూసి మంచిదో కాదో చెప్పడం మా పని తీరు. అదే పని ఆయన నా చెవులతో చేయించదలచారు. నన్ను గోడవైపు తిప్పి ముక్కాలిపీట మీద కూర్చోబెట్టారు. ఒకే రికార్డు ఒకసారి ఒక సెట్టు మీద, ఒకసారి ఇంకో సెట్టు మీద.

"ఏది బాగుండాది?"

"రెండూ ఒకటే."

"వింటాండావా, బజారు సూస్తాండావా?"

"గోడ సూస్తాండా. ఆకలయితాండాది."

"మళ్లా పెట్టు సాబూ."

గఫూర్ సాబు తల పట్టుకున్నాడు. "అన్నా, పొద్దున నుంచి ఇదే పాట. పక్క అంగడోళ్లు కూడా పాడతా ఉండారు సూడు" అన్నాడు. నిజమే, పక్క కొట్టులో తాళాలు చేసే ముసలాయన కూనిరాగం తీస్తున్నాడు. నాకు సిగ్గేసింది. సిగ్గుతో ఈసారి నిజంగా విన్నాను. విని, "మొదటిదాంట్లో ఆయప్ప పాడతాండాడు. రెండోదాంట్లో పాడే ముందు ఊపిరి కూడా తీసుకుంటాండాడు" అన్నాను.

మా ఆయన అంగడి అదిరేటట్టు చప్పట్లు కొట్టారు. పెండ్లయినప్పటి నుంచి నా మాటకు ఆయన అంత సంతోషించడం నేను చూడలేదు. "ఊపిరంట సాబూ! ఊపిరి! అదే ఇయ్యి." సాబు నవ్వి, సెట్టులో తేడా పెద్దగా లేదు, తేడా సూదిది అని చెప్పాడు. బెల్టుతో తిరిగే సాదా చెక్క సెట్టు, తోక దగ్గర తిప్పితే బరువు సవరించుకునే చెయ్యి, దానికి ఆ సన్నటి సూది, సూదిలో పుట్టే పలచటి ధ్వనిని పెంచే చిన్న పెట్టె, రెండు స్పీకర్లు వేరుగా. "దీపాలకు, అద్దాలకు దుడ్లు పెట్టొద్దన్నా. సూదికి పెట్టండి. రికార్డును తాకేది అదొక్కటే" అన్నాడు సాబు. ఆ మాట మా ఆయనకు మంత్రోపదేశమైంది. రైల్లో ఎదురుగా కూర్చున్నవాళ్లందరికీ చెప్పారు.

ఇంటికి తెచ్చాక అసలు యుద్ధం. మా వెనక గోడకు ఆనుకుని పక్కింటివాళ్ల మరమగ్గాలు. అవి ఆడినంతసేపూ గోడ వణుకుతుంది, గోడ వణికితే సూది వణుకుతుంది, స్పీకర్లలో పాట కింద 'బూం' అని ఒక మూలుగు. ఆ మూలుగు మాత్రం ఆయనకు బాగా వినపడేది, లావు ధ్వని కదా. సెట్టును బీరువా మీద పెట్టారు. కుట్టుమిషను మీద పెట్టారు. నా పోపుల డబ్బాలు దించి వంటగట్టు మీద పెట్టారు. నేను నీళ్లు పట్టుకుని వచ్చేలోపల ఇల్లు మారిపోయి ఉండేది. "ఇంగ నా తల మీద పెట్టు, అది కదలదు" అన్నాను ఒకరోజు. ఆయన నా తలను కొలిచినట్టు చూసి, "నువ్వు నోరు మూసుకుంటే కదా కదలకుండా ఉండేది" అన్నారు.

ముందు గదిలో ఆయన గుంటమగ్గం ఉండిన చోటు ఉంది. కాళ్లు పెట్టుకునే ఆ గుంటను, మగ్గం తీసేసినప్పుడు ఇసుక పోసి కప్పించాము. ఆయన ఆ చోట ఎప్పుడూ నడిచేవారు కాదు, పక్క నుంచి తిరిగి వెళ్లేవారు. ఒక ఉదయం ఆ ఇసుక మీద కడపబండ ఒకటి తెప్పించి పరిపించారు. బండ మీద సెట్టు, సెట్టు ముందు తాను. రికార్డు పెట్టారు. పక్కింటి మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. మూలుగు లేదు. ఇసుక అదురును తాగేసింది. ఆయన అరచేయి బండ మీద ఆనించి, మగ్గం వదిలినప్పటి నుంచి నేను చూడని ఒక కుదురుతో కూర్చున్నారు. నాకు కండ్లలో నీళ్లు తిరిగాయి. అవి కనపడకూడదని పొయ్యి దగ్గరికి పోయాను.

మూలుగు పోయింది. కానీ గరగర ఉంది. తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు పాటంతా చిటపట. నేను ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని, ఆయన నా మాట విని రికార్డు తుడిచేవారు. దేనితో తుడిచేవారు? పట్టుతో. మగ్గం దించిన చీర కొసన మిగిలే మెత్తటి పట్టు ముక్కలు మా ఇంట్లో ఉన్నాయి. దేవుడి విగ్రహాన్ని తుడిచినట్టు, రికార్డు మొదలు పెట్టే ముందొకసారి, తిప్పినప్పుడొకసారి, మళ్లీ కవరులో పెట్టేటప్పుడొకసారి. ధర్మవరం మనిషికి పట్టు కంటే మెత్తనిది, గొప్పది లోకంలో ఏముంటుంది? ఎంత తుడిస్తే అంత గరగర. సూది చెడిందని కొత్తది తెప్పించారు. దానితోనూ గరగరే. గఫూర్ సాబుకు నాతో ఫోను చేయించి, పక్కన నిలబడి అరిచారు; సాబు మాటలు నేను ఆయన చెవి దగ్గర చెప్పాను.

"నీ సూది సరిలేదప్పా! మా ఇంటామె చెవులు పోతాండాయి."

"సూది కాదన్నా, ధూళి. తుడువు."

"తుడస్తానే ఉండా గదప్పా, పట్టుగుడ్డతో! పట్టుతో తుడిసేవాడు బెంగుళూరులో ఉండాడా?"

అవతల సాబు ఏదో చెప్పబోయాడు, ఈయన ఫోను లాక్కుని పెట్టేశారు. వేసవి వచ్చింది. అటు తనకల్లు దాకా ఒక్క చినుకు లేదు, గాలిలో ఎర్రదుమ్ము తప్ప ఇంకేమీ లేదు. నాకేమో ఆయన చెవులు రోజురోజుకూ మందగించడం తెలుస్తోంది. పిలిస్తే తిరిగి చూడరు. గ్లాసు కింద పడితే ఉలిక్కిపడరు. వినాలనుకున్నది సక్కంగా వినకుండానే ఆ తలుపులు మూసుకుపోతాయేమోనని నాకు భయం. ఒకచోట కూర్చోలేకపోయేదాన్ని. ఆయన తిరుగుడు నాకు పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం ఆయన తుడిచి ఇచ్చిన రికార్డును నేను అందుకున్నాను. నా ముంజేతి వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. గాలిలో తేలుతున్న నూగు, దూది, దుమ్ము వచ్చి రికార్డు మీద వాలింది, ఎవరో పిలిచినట్టు. అప్పుడు నాకు ఒళ్లు మండింది, ఆయన మీద కాదు, మా ఇద్దరి మీద. ఎండాకాలంలో కండెలు చుట్టేటప్పుడు పట్టుపోగు చేతికి అతుక్కుంటుంది, చీరకు అతుక్కుంటుంది, గాలిలోకి లేస్తుంది. అందుకే కదా గదిలో నీళ్లు చల్లి, తడిగోనె పరిచి మేము పని చేసేది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న సంగతి.

"ఏమయ్యా, ఎండలో పట్టు రుద్దితే దుమ్ము లాక్కుంటాదని మనకు తెల్దా? ఇన్నాళ్లూ ఏం చేస్తాంటిమి మనం?"

ఆయన పట్టుముక్క వైపు, రికార్డు వైపు చూశారు. ఆ ముక్కను నలిపి దూరంగా విసిరేస్తారనుకున్నాను. మడిచి ఒడిలో పెట్టుకున్నారు. "దాని తప్పేముండాదే. మనమే దాన్ని కాని పనికి పెడితిమి" అన్నారు.

పాత నూలుపంచె చింపాము. నీళ్లలో తడిపి, పిండి, గీతల వెంట మెల్లగా తుడిచి, రికార్డులను వరుసగా నీడన ఆరబెట్టాము. పడుగు సాగదీసినప్పుడు ఇద్దరం చెరో కొస పట్టుకుని పని చేసినట్టు, ఆయన తుడవడం, నేను ఆరబెట్టడం. ఆరాక నాదస్వరం రికార్డు పెట్టారు. నేను బండ పక్కన కూర్చున్నాను. గరగర లేదు. కాచి వడకట్టిన నెయ్యిలాగా ఉంది నాదం.

"గరగర పోయినాదా?" అన్నారు.

"పోయినాది. సుబ్బరంగా పోయినాది. నీకు తెలుస్తాండలేదా?"

ఆయన నవ్వారు. "నాకు ముందే పోయినాది లేవే. గరగర నాకు వినపడి చానా దినాలాయె. నువ్వు చెప్తాంటివి, నేను తుడస్తాంటిని."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గట్టిగా అరిచాను. "వినపడకపోతే మరి ఎవరి కోసమయ్యా ఈ తన్నుకులాట? సూదులు మార్చి, సాబుతో కొట్లాడి, నా వంటిల్లు పీకి?"

"నీకు వినపడతాండాది గదా."

"నాకు పాటలు ఎప్పుడు కావల్సొచ్చెనయ్యా?"

"పాడేటాయప్ప ఊపిరిని పట్టినావు గదే ఆడ, బెంగుళూరులో. నేను చెవులు బాగుండేటప్పుడు కూడా దాన్ని పట్టలేదు."

పద్మ ఏడుస్తోంది. రాయి, రాయి. తర్వాత తుడుచుకుందువు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో వినే పద్ధతి మారింది. ఆయన ఒక అరచేయి స్పీకరు చెక్క మీద పెట్టేవారు, డోలు దెబ్బ చేతికి అందేది. మిగతాదంతా నేను చెప్పాలి. "ఇప్పుడేమి?" అని అడిగేవారు. నాకు రాగాల పేర్లు తెలియవు. నాకు తెలిసిన మాటల్లోనే చెప్పేదాన్ని. "ఇప్పుడు కండె తిరిగినట్టు గిరగిరా తిరుగుతాండాది." "ఇప్పుడు జరీ పోగు ఒకటే పోతాండాది, సన్నంగా." ఒకసారి "అయ్యో, పోగు తెగినాది" అన్నాను. "తెగలేదే, ఆయప్ప నిలిపినాడు. ఉండు, ఇప్పుడు ఎత్తుకుంటాడు సూడు" అన్నారు. ఎత్తుకున్నాడు. ఆయనకు రికార్డంతా లోపల ఉంది. కాకపోతే అది ఎక్కడికి వచ్చిందో చెప్పేవాళ్లు కావాలి, అంతే. పొద్దున పలారం అయ్యాక ఒక వైపు, సాయంకాలం ఒక వైపు. అన్నం ముందు కుదురుగా ఉండలేని మనిషి, ఒక వైపు అయ్యేదాకా కదలకుండా కూర్చునేవారు. కొత్తచెరువులో బంధువుల ఇంటికి శుభలేఖ ఇవ్వడానికి బయలుదేరిన రోజు కూడా, "మధ్యాన్నానికి వచ్చేస్తానే, రెండో వైపు పెడదాం" అనే వెళ్లారు.

కర్మల రోజు శెట్టి వచ్చాడు. బండ ముందు కూర్చుని, సెట్టును ముట్టుకోకుండా చూసి, "వాడు నా సెట్టును తిట్టని దినం నాకు అన్నం సయించేది కాదు వదినా. ఇంగ నన్ను ఎవురు తిట్టల్ల?" అన్నాడు. వీధిలో నేతగాళ్లు ఇంకా ఉన్నారు, దేవుడి దయ వల్ల ఉంటారు. పాటలు వినేవాళ్లూ ఉంటారు. తన చెవికి అందని దాన్ని ఇంకొకరి చెవికి అందించాలని ఇల్లంతా పీకి, గుంటలో బండ వేసి, అలసట లేకుండా అంత తంటాలు పడిన మనిషి మాత్రం ఇక రారు. ఆ మహానుభావుడికి పద్యాలతో, పెద్ద మాటలతో నమస్కారం చేయడం నాకు రాదు. చేతులు జోడించడం వచ్చు, జోడించాను. ఆయన లేని లోటు అంటారు కదా అందరూ, అది లోటు కాదు. లోటయితే ఎప్పటికైనా పూడుతుంది.

మొన్న గఫూర్ సాబు ఫోను చేశాడు. విషయం అప్పటికి సాబుకు తెలిసింది, ఏడ్చాడు. తర్వాత పని మాట ఎత్తాడు.

"అమ్మా, ఆ సూది ఇప్పటికి అరిగిపోయుంటాది. మార్చకపోతే రికార్డులకు దెబ్బ. మీకు మామూలు సూది పంపుతా, అది సాలు. ఆ సన్నది అన్న కోసం గదా. అన్నకు పాము చెవులు."

"అన్నకు వినపడేది కాదు సాబూ."

"ఏమంటాండారమ్మా?" అన్నాడు.

"మీ అంగట్లో నిలబడిన దినం కూడా సగం వినపడేది కాదు. చెవిలో మిషను జేబులో పెట్టుకున్నాడు. వినింది నేను. నాకు ఆ సన్నదే పంపు."

సూది వచ్చింది. భూతద్దం పెట్టుకుని, ఆయన చేసినట్టే తోక తిప్పి బరువు సరిచేసి, నేనే బిగించాను. నాదస్వరం పెట్టాను. అంతా వినపడుతోంది, ఊపిరితో సహా. "ఇప్పుడు జరీ పోగు" అని నోటిదాకా వస్తుంది, మింగుతాను. లేచి నీళ్లు తాగి వస్తాను, మళ్లీ కూర్చుంటాను, మళ్లీ లేస్తాను. ఎవరికీ చెప్పకుండా వినడం నాకు ఇంకా చేతకావడం లేదు.